మినహాయింపు జాబితాలో అమ్మ నంబరు

కళ్ళజోళ్ళ దుకాణం పక్కనున్న ఇరుకు మెట్ల మీద, మలుపు దగ్గర, గడియ ఇంకా గోడకు చెయ్యి ఆనించి నిలబడే ఉంది. పోయిన వారం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. ఇంకో ఆరు మెట్లు ఎక్కితే అమ్మ ఉన్న గది. ఆ ఆరు మెట్లకే కాళ్ళు రావడం లేదు.

గడియ అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. ఆమె ఒక మొబైల్ కంపెనీలో ఇంజనీరు. ఇతర దేశాల కంపెనీల నుంచి రోజూ వచ్చి పడే లక్షల ప్రశ్నల్లో వేటికి జవాబివ్వాలో, వేటిని తోసెయ్యాలో తేల్చే గేటు ఒకటి అక్కడి యంత్రాల్లో ఉంటుంది. దానికి కాపలా కాసే ముగ్గురిలో ఆమె ఒకతె. కాస్త అనుమానం వస్తే చాలు మూసేస్తుందని తోటివాళ్ళు ఆ పేరు ఖాయం చేశారు. ఇంట్లో మాత్రం చిన్నీ. నలభై ఒకటో ఏడు వచ్చినా చిన్నీయే.

అమ్మ ముప్పై ఒక్కేళ్ళు ఒక పెద్దాసుపత్రిలో మందుల గది అధికారిగా పనిచేసింది. గడువు దాటిన ఇంజక్షన్ సీసాల మీద కొత్త లేబుళ్ళు అంటించి పంపుతున్నారన్న సంగతి ఒకరోజు గోటితో గీకి కనిపెట్టింది. ఇంకో పదకొండు రోజుల్లో జడ్జి ముందు నిలబడి ఆ మాట చెప్పాలి. చెప్పకుండా చూడాలని ఆ సీసాల సరఫరాదారు మనుషులు ఆమె కోసం వెతుకుతున్నారు. అందుకే ఆ కేసు వాదిస్తున్న వకీలమ్మ ఆమెను ఈ మేడ మీది గదిలో దాచింది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఇక్కడ ఉన్నది ఎవరో వకీలమ్మకూ గడియకూ తప్ప మూడో మనిషికి తెలియదనుకున్నారు.

ఈ పొద్దున్న తెలిసింది, మూడో మనిషి ఒకడున్నాడని. పంతొమ్మిది రోజులుగా ప్రతి ఉదయం ఆరూ పదికి, ఎక్కడో ఒక చిన్న ద్వీపంలోని కంపెనీ పేరుతో, ఎవరో గేటు దగ్గరకు వచ్చి ఒక నంబరు చెప్పి ఇది ఇప్పుడెక్కడుంది అని అడుగుతున్నారు. అలాంటి ప్రశ్నలను గేటు వేల కొద్దీ తోసేస్తుంది. దీన్ని మాత్రం తోసెయ్యలేదు. పంతొమ్మిది సార్లూ జవాబిచ్చింది. ఎందుకంటే ఆ నంబరు మినహాయింపు జాబితాలో ఉంది.

నంబరు అమ్మది. దాన్ని ఆ జాబితాలో పెట్టినట్టు ఉన్న సంతకం గడియది.

ఈ సంగతి అమ్మకు చెప్పాలి, అమ్మ చేత ఫోను ఆపించాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో తేల్చుకోలేక ఆమె ఆ మలుపులో ఆగిపోయింది. కింద అద్దాలు అరగదీసే యంత్రం గుర్రుమని తిరిగి ఆగింది. పైనుంచి అమ్మ గొంతు వినబడింది.

"ఎంతసేపు నిలబడతావే అక్కడ? నీ చెప్పుల చప్పుడు నాకు తెలియదనుకున్నావా?"

గడియ మిగిలిన ఆరు మెట్లూ ఎక్కింది.

గది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, వీధి వైపు ఒక కిటికీ, వెనక ఇనుప మెట్ల మీదికి ఒక తలుపు. అమ్మ ఆ కాస్త చోటునూ మందుల గది చేసి పెట్టింది. బల్ల మీద ప్రతి డబ్బాకూ తెల్ల కాగితం అంటించి ఉంది. పంచదార, తెరిచిన తేదీ. ఉప్పు, తెరిచిన తేదీ. ఆఖరికి సబ్బు పెట్టె మీద కూడా తేదీ ఉంది. దిండు పక్కన, కళ్ళజోడుకు ఆనుకుని, అరచేతిలో ఇమిడే పాత బటన్ల ఫోను.

అమ్మకు చెప్పుకోవాల్సిన కబుర్లు చాలా ఉన్నాయి. మాట్లాడే మనిషి దొరికితే ఆమెకు ప్రాణం లేచివస్తుంది. కింద కళ్ళజోళ్ళాయన మళ్ళీ పైకి వచ్చాడట. ఆయనకు వకీలమ్మ ఈవిడ రిటైరైన టీచరు అని చెప్పి ఉంచింది. మొన్న ఆయన తన కడుపుమంటకు డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చి, అక్షరం ముక్క అర్థం కావడం లేదని మొత్తుకుంటే, అమ్మ గడగడా చదివి, రెండోది తిండికి ముందు వేసుకోవాలని కూడా చెప్పిందట. టీచరమ్మగారికి డాక్టర్ల రాత ఎలా వచ్చిందని ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడట.

"ముప్పై ఏళ్ళు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దానండీ, మీ డాక్టరుది చాలా నయం అన్నాను" అంది అమ్మ. చెప్పి తనే నవ్వింది.

గడియ నవ్వలేదు. అమ్మ నవ్వు ఆపి కూతురి ముఖం చూసింది. మంచం మీద జరిగి చోటిచ్చింది.

"చెప్పు. ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నువ్విక్కడున్నావని వాళ్ళకు తెలుసమ్మా. ఏ గదో తెలియదు. ఈ నాలుగైదు వీధుల్లో ఎక్కడో ఉన్నావని తెలుసు. ఫోను వల్ల."

అమ్మ దిండు పక్కనున్న ఫోను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది, ఏదో తప్పు చేసిన పిల్లను చూసినట్టు.

"దీనివల్లనా? దీన్లో ఇంటర్నెట్టే లేదు. ఫోటో తియ్యడం కూడా రాదు దీనికి. అందుకే దీన్ని ఎవరూ పట్టుకోలేరని వకీలమ్మ అంది."

"ఫోను చెప్పలేదు. మేం చెప్పాం."

ఆ తర్వాత ఆమె నిదానంగా విడమరిచింది. ఎవరైనా అమ్మకు ఫోను చేస్తే ఆ పిలుపును ఏ టవర్‌కు పంపాలో కంపెనీకి తెలిసి ఉండాలి. అందుకని ఫోను మాట్లాడుతున్నా, ఊరికే దిండు పక్కన పడి ఉన్నా, అది ఏ టవర్ కిందుందో కంపెనీ ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. మనిషి దేశం దాటితే అక్కడి కంపెనీ వీళ్ళను అడుగుతుంది, వీళ్ళు చెబుతారు. ఈ అడగడాలూ చెప్పడాలూ మొదలైన రోజుల్లో కంపెనీలు కొన్నే ఉండేవి. ఒకరికొకరు తెలిసినవాళ్ళు. అడుగుతున్నది నిజంగా వాళ్ళేనా అని చూసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు వందల కంపెనీలు వచ్చాయి. వాటిలో కొన్ని తమ పేరును అద్దెకిస్తాయి. అద్దెకు తీసుకున్నవాడు ఆ పేరుతో వచ్చి అడిగితే, పాత అలవాటు కొద్దీ, మర్యాదగా జవాబు వెళ్ళిపోతుంది.

ఈ మాట పై అధికారులకు అర్థమయ్యేలా చెప్పడానికి గడియకు ఒకప్పుడు మూడు మీటింగులు పట్టింది. అమ్మ మధ్యలోనే చెయ్యి ఎత్తింది.

"మా గదిలోనూ అంతేగా. నేను చేరినప్పుడు అయిదు వార్డులు. చీటీ పట్టుకుని ఏ నర్సు వచ్చినా ముఖం చూసి ఇచ్చేవాళ్ళం. తర్వాత నలభై వార్డులయ్యాయి. తెల్లకోటు వేసుకుని ఎవరొచ్చినా చీటీ చూసి ఇచ్చేశాం. ముఖం చూడ్డం మానేశాం. మీదీ అదే రోగం."

"అదే."

"అది తెలిసే కదా మీరు గేటు పెట్టుకున్నారు. నువ్వు రోజూ కాసేది దాన్నేగా. మరి నా ఒక్కదాని దగ్గరే ఎందుకు తెరుచుకుంది?"

దారి పొడుగునా ఏ ప్రశ్నకు భయపడుతూ వచ్చిందో ఆ ప్రశ్నే అడిగింది అమ్మ. గడియ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకుంది.

గేటు కట్టి తొమ్మిదేళ్ళయింది. కొత్తలో దాన్ని రాత్రనక పగలనక పరీక్షించేవాళ్ళు. పరీక్ష కోసం అడిగే ప్రశ్న బయటి కంపెనీ నుంచి వచ్చినట్టే చుట్టు తిరిగి వచ్చేది. గేటు దాన్ని తోసేస్తే అసలు జవాబు సరిగ్గా ఉందో లేదో తెలియదు. అందుకని కొన్ని నంబర్లను ఒక జాబితాలో పెట్టారు. వీటి గురించి ఎవరడిగినా జవాబివ్వు అని. ఏ వేళ చేసినా విసుక్కోకుండా ఫోనెత్తే మనిషి ఉండాలి కనక ఇంజనీర్లు తలా ఒక నంబరు ఇంట్లోవాళ్ళది ఇచ్చారు. ఒకడి భార్య రెండో రోజే తిట్టి ఫోను ఆపేసింది. మరొకడి మామగారు ఎప్పుడు చేసినా గుర్రు పెట్టేవాడు. మొదటి రింగుకే ఎత్తే మనిషి ఒక్కతే ఉంది. గడియ వాళ్ళమ్మ. అమ్మ మొదటి రింగుకే ఎందుకు ఎత్తుతుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. గడియకు తెలుసు.

పరీక్షలు అయిపోయాక అందరూ ఎవరి నంబరు వాళ్ళు తీసేసుకున్నారు. ఆమె తియ్యలేదు.

"మర్చిపోయావా?" అంది అమ్మ.

మర్చిపోయానని చెబితే అక్కడితో అయిపోయేది. అమ్మ నమ్మేది కూడా.

"మర్చిపోలేదు. ఉంచుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి కుర్చీలో కూర్చోగానే నీ నంబరు అడిగేదాన్ని. మన ఇంటి దగ్గర టవర్ వచ్చేది. నాలుగు నిమిషాల కింద ఫోను పలికింది అని వచ్చేది. అది చూసుకుని టీ తాగేదాన్ని."

"రోజూనా?"

"రోజూ. తొమ్మిదేళ్ళు."

కింద యంత్రం మళ్ళీ తిరిగింది. వీధిలో ఎవరో ఎవరినో నెమ్మదిగా వెనక్కి రమ్మంటూ బండి నిలిపిస్తున్నారు.

"ఫోను బతికుంటే నేను బతికున్నట్టా?" అంది అమ్మ. నవ్వులాగే అంది కాని గొంతులో నవ్వు లేదు. "ఆ చేత్తోనే నాకు ఫోను చెయ్యొచ్చుగా, చిన్నీ. ఆదివారం తప్ప నీ గొంతు వినేదాన్ని కాదు. దానికి పనెక్కువ అని అందరికీ చెప్పుకునేదాన్ని."

"చేస్తే అక్క గురించి అడిగేదానివి. ఏమన్నా తెలిసిందా అని. ప్రతిసారీ అదే మొదటి మాట. తెలియలేదని చెప్పేసరికి నువ్వు ఊఁ అనేదానివి. ఆ ఊఁ వింటే నాకు రోజంతా పని సాగేది కాదు. అందుకని వినకుండా చూసుకునేదాన్ని."

అక్క ఇల్లు విడిచి పదహారేళ్ళు. అదీ అమ్మ ఉద్యోగంలోంచి వచ్చిన గొడవే. అమ్మ మందుల గదిలోనే పెద్దకూతురికీ పని దొరికింది. ఒకరోజు ఎదురింటి పాప ఊపిరాడక అల్లాడుతుంటే అక్క చీటీ లేకుండా మందు తీసి ఇచ్చింది. పాప కోలుకుంది. మర్నాడు లెక్క తేలక అడిగితే అక్క ఉన్నమాట చెప్పింది. అమ్మ కన్నకూతురి మీద తన చేత్తోనే రాసి పైకి పంపింది. ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడ్డ అక్కతో, వెళ్ళేదానివి వెళ్ళు, మళ్ళీ ఫోను కూడా చెయ్యకు అంది అమ్మ. అన్న నిమిషం నుంచి ఇవాళ్టి దాకా ఆ ఫోను కోసమే ఎదురుచూస్తోంది. ఇల్లు మారింది, ఉద్యోగం అయిపోయింది, నాలుగు ఫోన్లు పాడయ్యాయి. నంబరు మాత్రం మార్చలేదు. అక్కకు తెలిసిన నంబరు అదొక్కటే.

అమ్మ ఆ బటన్ల ఫోనును కొంగుతో తుడుస్తోంది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఇప్పుడు దీన్ని ఆపెయ్యమంటావు."

"ఆపాలమ్మా. జాబితాలోంచి నీ నంబరు సాయంత్రం నాలుగుకల్లా తీసేస్తారు. దాంతో ఆ ద్వారం మూసుకుంటుంది. కాని వాళ్ళకు వీధులు తెలిసిపోయాయి. చేతిసంచిలో పట్టే పెట్టె ఒకటుంటుంది, అది టవర్‌నని చెప్పుకుంటుంది. నీ దగ్గరున్న పాత రకం ఫోను ఏ టవర్ పిలిచినా పలుకుతుంది. నువ్వెవరు అని టవర్ ఫోనును అడుగుతుంది కాని, నువ్వు నిజం టవర్‌వేనా అని ఫోను అడగదు. అడిగే వీలే పెట్టలేదు దాన్లో. పెట్టె పట్టుకుని వీధిలో నడిచారంటే ఈ మెట్ల దాకా వచ్చేస్తారు."

"మంచి మర్యాదస్తుల్ని తయారు చేశారు" అంది అమ్మ. తర్వాత, ఫోను వైపే చూస్తూ, "తీసెయ్యమని ఎవరికి చెప్పావు?" అని అడిగింది.

మేనేజరుకు రాసిచ్చి వచ్చానని చెప్పింది గడియ. తొమ్మిదేళ్ళుగా ఏం చేస్తూ వచ్చిందీ, తన అడగడాలన్నీ పరీక్ష అని నమోదవుతూ ఉండటం వల్లనే పరాయివాడి ప్రశ్న కూడా వాటిలో కలిసిపోయి ఎవరి కంటా పడలేదన్నదీ, అంతా రాసింది. మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడట. ముందు మీ అమ్మగారి సంగతి చూసుకో, నీ సంగతి రేపు మాట్లాడదాం అన్నాడట. ఆ మాటలోనే ఉద్యోగం ఉండదన్న సంగతి వినబడింది ఆమెకు. తన సొంత ఫోను దారి చెబుతుందేమోనని ఆఫీసు సొరుగులోనే వదిలేసి, ల్యాండ్‌లైన్ నుంచి వకీలమ్మకు కబురు చేసి, బస్సెక్కి వచ్చింది.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళు సీసా మూతలు తిప్పిన వేళ్ళు, గట్టిగా ఉంటాయి.

"నీమీద నువ్వే రాసిచ్చావా?"

"ఊఁ."

"ఇంకొకసారి నా చేత రాయించకుండా చేశావు తల్లీ" అంది అమ్మ. అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. గడియ ఆమె భుజం మీద తల ఆనించింది. చిన్నప్పుడు ఆ భుజం దగ్గర ఆసుపత్రి వాసన వచ్చేది. ఇప్పుడు సబ్బు వాసన వస్తోంది. అమ్మ ఆసుపత్రి మానేసిందన్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు గడియకు ఏడుపు వచ్చింది.

ఏడుపు ముగిశాక అమ్మ మొండికేసింది. ఫోను ఆపనంది. అక్క రెండుసార్లు ఫోను చేసిందంది. గడియకు ఎప్పుడూ చెప్పలేదు. ఆరేళ్ళ కింద ఒకసారి, పోయిన చలికాలంలో ఒకసారి. మాట్లాడలేదు. దగ్గింది. చిన్నప్పుడు ఉబ్బసంతో పక్కలో పడుకుని దగ్గిన దగ్గు తల్లికి తెలియకుండా పోతుందా అంది. జడ్జి ముందు మాట చెప్పకపోతే ఎందరో పిల్లలకు ఆ సీసాలు ఎక్కుతాయి, అది తెలుసు. ఇక్కడ దొరికిపోతే ఆ మాట చెప్పనివ్వరు, అదీ తెలుసు. కాని మూడోసారి అది ఫోను చేసి, ఆపేసి ఉందని వింటే, అమ్మ అన్న మాటే నిలబెట్టుకుందనుకుంటుంది. నాలుగోసారి చెయ్యదు.

గడియ సంచిలోంచి ఇంకో ఫోను తీసింది. ఆఫీసులో పరీక్షలకు వాడేది, ఎవరి పేరునా లేనిది. అమ్మ నంబరుకు వచ్చే పిలుపులన్నీ దీనికి మళ్ళించవచ్చని చెప్పింది. ఆ పని కంపెనీ యంత్రాలే చేస్తాయి. అమ్మ ఫోను ఆపేసి ఉన్నా, అక్క పాత నంబరుకు చేస్తే ఇది మోగుతుంది.

"అది నా దగ్గరుంటుందా?"

"ఉండకూడదమ్మా. నా దగ్గరుంటుంది. నేనెత్తుతాను."

అమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. నీకు నిద్రమొద్దని పేరు అంది. స్నానానికి వెళ్తే గంట అంది. మొదటి రింగుకే ఎత్తాలి అంది. గడియ అన్నిటికీ తలూపింది. పదహారేళ్ళుగా ఎవరి మాట రాకుండా తప్పించుకు తిరిగిందో, ఇక ఆ మనిషి కోసమే తను కాచుకుని ఉండాలి. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరూ పైకి అనలేదు.

"మాట్లాడకపోతే పెట్టెయ్యకు. అమ్మను కాదని వెంటనే చెప్పకు, భయపడుతుంది. దగ్గు తగ్గిందా అని అడుగు. ఆ మాట నేనే అడగమన్నానని తర్వాత చెప్పు."

పిలుపులు మళ్ళించే అంకెలు గడియ చెబుతుంటే అమ్మ తన ఫోనులో ఒక్కొక్కటే నొక్కింది. నక్షత్రం, నక్షత్రం, రెండు, ఒకటి. సీసా మీది బ్యాచ్ నంబరు చదివినట్టు ప్రతి అంకెనూ తిరిగి పైకి చదివింది. చివరి బటన్ నొక్కాక ఫోను ఒకసారి సన్నగా వణికి, సరేనని చూపించింది. పరీక్షకు గడియ పరుగున కిందికి వెళ్ళి కళ్ళజోళ్ళాయన ఫోనులోంచి అమ్మ నంబరు కొట్టింది. పైన, అమ్మ చేతిలో ఆఫీసు ఫోను మోగింది. మొదటి రింగుకే ఎత్తింది అమ్మ.

"చూశావా, ఇలా ఎత్తాలి" అంది.

అప్పుడు తన ఫోను ఆపింది. తెర మీద వెలుగు పోయేదాకా బటన్ నొక్కి పట్టుకునే ఉంది. వెలుగు పోయాక కూడా కాసేపు వదల్లేదు.

మూడున్నరకు వకీలమ్మ వెనక ఇనుప మెట్ల మీదుగా వచ్చింది. కింద సందులో ఒక కొరియర్ వ్యాను నిలిపి ఉంది. ఎక్కడికి తీసుకెళ్తున్నదీ గడియకు చెప్పనంది. గడియ కూడా వద్దంది. తనకు తెలిస్తే వెళ్ళకుండా ఉండలేదు, వెళ్తే వెంట ఉన్న ఫోను ఆ చోటు చెప్పేస్తుంది. అమ్మ రెండు చీరలు, మందుల పొట్లం, గీకిన లేబుళ్ళున్న కవరు సంచిలో సర్దుకుంది. డబ్బాల మీది కాగితాలన్నీ పీకెయ్యమని కూతురికి పని చెప్పింది. అవి చూస్తే ఇక్కడున్నది టీచరు కాదని ఎవడికైనా తెలుస్తుంది.

వెనక తలుపు దగ్గర గడియ అమ్మ సంచి పట్టీ వదల్లేకపోయింది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి నువ్వెలా ఉన్నావో నాకెలా తెలుస్తుందమ్మా?"

"తెలియదు" అంది అమ్మ. ఆమె చెంప మీద అరచెయ్యి పెట్టింది. "తెలియకుండా ఉండటం కూడా వస్తుందే. మొదటి వారం కష్టం. నేను పదహారేళ్ళు ఉన్నాను. నువ్వు పదకొండు రోజులు ఉండలేవా?"

ఇనుప మెట్లు అమ్మ బరువుకు ఒక్కొక్కటే పలికాయి. వకీలమ్మ ముందు దిగుతోంది, అమ్మ ఆమె భుజం పట్టుకుని వెనక. కింద ఆగి పైకి చూస్తుందని గడియ ఎదురుచూసింది. అమ్మ చూడలేదు. చూస్తే వ్యాను ఎక్కలేనని అనుకుని ఉంటుంది. వ్యాను తలుపు జారి మూసుకుంది. సందు మలుపు తిరిగేదాకా గడియ చూసింది, తిరిగాక ఆ ఖాళీ మలుపును ఇంకాసేపు చూసింది.

తర్వాత లోపలికి వచ్చి, కాగితాలు పీకడం మొదలుపెట్టింది. పంచదార. ఉప్పు. అమ్మ జిగురు గట్టిగా పెట్టింది, గోటితో లాగితే అంచు నుంచి చిరుగుతున్నాయి. సబ్బు పెట్టె దాకా వచ్చింది.

బల్ల మీది ఆఫీసు ఫోను మోగింది.

ఆ నంబరు ఎవరికీ తెలియదు. దానికి వచ్చే పిలుపు అమ్మ నంబరు మీదుగా రావాలి తప్ప వేరే దారి లేదు. గడియ చేతిలోని సబ్బు పెట్టె కింద పడింది. మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తింది. చెవికి ఆనించుకుని, దగ్గు వినబడుతుందేమోనని ఆగింది.

"అమ్మా" అంది అవతలి గొంతు. "పెట్టెయ్యకు. నేనే."

పదహారేళ్ళు దాటి వచ్చిన ఆ గొంతు కొంచెం బొంగురుపోయింది. అయినా అక్కదే. గడియ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. దగ్గు తగ్గిందా అని అడగాలని నోరు తెరిచింది. ఈలోగా అక్కే మళ్ళీ అందుకుంది.

"నువ్వేదో ఆపదలో ఉన్నావని నిన్న ఇద్దరు వచ్చి చెప్పారమ్మా. నీకు సాయం చేసేవాళ్ళట. చాలా మంచిగా మాట్లాడారు. నా కోసం ఎంత వెతికారో. వాళ్ళే కారులో తీసుకొచ్చారు. నువ్వు ఈ వీధుల్లోనే ఎక్కడో ఉన్నావట, ఏ ఇల్లో మాత్రం తెలియదట. నేను చేస్తే ఎత్తుతావని చెప్పాను. ఎత్తుతావని నాకు తెలుసు."

గడియ లేచి, గోడ పక్కగా, కిటికీ దాకా వెళ్ళి పక్క నుంచి చూసింది. ఎదురుగా, రోడ్డుకు అవతల, బూడిదరంగు కారు ఆగి ఉంది. దాని ముందు ఒక ఆడమనిషి చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. మనిషి సన్నబడింది. తల ఎత్తి మేడ మీది కిటికీలన్నిటినీ ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వెతుకుతోంది. అచ్చం అమ్మ అల్మారాలో సీసాలు వెతికే తీరు. చూపు ఇటే వస్తోంది.

"మాట్లాడొద్దులే. కోపం ఉంటే ఉండనీ" అంది అక్క గొంతు చెవిలో. "ఒక్కసారి కిటికీ దగ్గరకు వచ్చి నిలబడు, చాలు. నిన్ను కళ్ళారా చూస్తాను."

గడియ కిటికీకి ఒక్క అడుగు దూరంలో ఉంది. రోడ్డు అవతల, అక్క వెనక, కారు తలుపు నెమ్మదిగా తెరుచుకుంది.